ఎన్నేళ్లున్నా ఏడాది అనుమతే: థాయ్‌లాండ్‌లో విదేశీయుల జీవితం

2023 మే మొదట్లో పట్టాయాలోని ఒక హోటల్‌పై పోలీసులు దాడి చేసి, పేకాట ఆడుతున్నవాళ్లను అరెస్టు చేశారు. దొరికినవాళ్లలో 80 మందికి పైగా భారతీయులు. వాళ్లలో చాలామంది తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు. కొన్ని రోజులపాటు తెలుగు టీవీల్లో అదే వార్త. థాయ్‌లాండ్‌లో దేనికీ అడ్డు ఉండదని నమ్మినవాళ్లకు, పేకాటకు అరెస్టేమిటన్న ఆశ్చర్యం కలిగింది. నిజానికి అక్కడి జూదం చట్టం 1935 నాటిది. పేకముక్కల చట్టం ఇంకా కఠినం. అనుమతి లేకుండా ఒకరి దగ్గర 120 ముక్కలకు మించి ఉండకూడదు. 2016 ఫిబ్రవరిలో పట్టాయా పక్కనే ఉన్న జోమ్టియన్‌లో బ్రిడ్జ్ అనే పేకాట ఆడుకునే ఒక క్లబ్‌పై ఈ చట్టం కిందే దాడి జరిగింది. 32 మంది విదేశీయులను స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఎక్కువమంది రిటైరైన యూరోపియన్లు, వాళ్లలో 84 ఏళ్ల డచ్ వృద్ధురాలు కూడా ఉంది. డబ్బు పందెం ఏదీ కనబడలేదు. అయినా గంటల తరబడి కూర్చోబెట్టి, తలా 5,000 బాత్‌ల (బాత్ అంటే థాయ్ కరెన్సీ) పూచీకత్తు కట్టించుకున్నాకే వదిలారు.

రెండు సంఘటనల తీవ్రత ఒకటి కాదు. పెద్ద ఎత్తున డబ్బు పెట్టి ఆడిన జూదమూ, ముసలివాళ్లు పొద్దుపోక ఆడుకునే బ్రిడ్జ్ ఆటా వేరువేరు. కానీ చట్టం కదిలిన తీరు మాత్రం ఒకటే. కాగితం మీద ఎప్పటినుంచో ఉంటుంది, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు, ఒకరోజు ఫిర్యాదో పైనుంచి ఆదేశమో రాగానే పూర్తి బలంతో అమల్లోకి వస్తుంది. ఆ దేశంలో స్థిరపడ్డ విదేశీయుల మాటల్లో రెండు అభిప్రాయాలు ఎప్పుడూ వినిపిస్తాయి. ఇక్కడున్నంత స్వేచ్ఛ మా దేశంలో లేదన్నది ఒకటి. ఇక్కడ అంతా అధికారి ఇష్టమే అన్నది రెండోది. పైకి ఇవి ఒకదానికొకటి పొసగవు. కానీ రెండూ ఒకే ఏర్పాటులోంచి పుట్టినవి. థాయ్ చట్టం విదేశీయుణ్ణి తాత్కాలిక అతిథిగానే లెక్కిస్తుంది. అతిథి చిన్న తప్పులు చూసీ చూడనట్టు వదిలేస్తుంది. కానీ అతిథికి హక్కులు రాసివ్వదు.

ఈ మాట అర్థం కావాలంటే 90 రోజుల రిపోర్టు దగ్గర మొదలుపెట్టాలి. 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం తాత్కాలిక అనుమతిపై ఉన్న విదేశీయుడు ప్రతి 90 రోజులకు ఒకసారి తాను ఎక్కడ ఉంటున్నాడో ప్రభుత్వానికి తెలపాలి. ఇరవై ఏళ్లుగా అదే ఇంట్లో, అదే భార్యతో, అదే పిల్లలతో ఉన్నా సరే. ఆలస్యమైతే 2,000 బాత్‌ల జరిమానా. 38వ సెక్షన్ ఇంటి యజమానికి వర్తిస్తుంది. ఇంట్లో విదేశీయుడు దిగిన 24 గంటల్లో సమాచారం ఇవ్వాలి. టీఎం 30 అని పిలిచే ఈ ఫారం దశాబ్దాల పాటు హోటళ్ల వ్యవహారంగానే ఉండిపోయింది. 2019లో ఒక్కసారిగా గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. సొంత భార్య పేరున ఉన్న ఇంట్లో ఉంటూ, రెండు రోజులు వేరే ఊరెళ్లి వచ్చినవాళ్లు కూడా మళ్లీ ఫారం పెట్టాల్సి వచ్చింది. విదేశీయులు సంతకాల ఉద్యమం నడిపారు. ఆ ఆగస్టులో బ్యాంకాక్‌లోని విదేశీ విలేఖరుల క్లబ్‌లో ఇమ్మిగ్రేషన్ అధికారులను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. మరుసటి ఏడాది నిబంధన కొంత సడలింది. ఆ గొడవంతా జరిగినప్పుడు చట్టంలో కొత్తగా చేర్చింది ఒక్క అక్షరమూ లేదు. ఉన్న సెక్షన్‌నే నిద్రలేపారు.

అనుమతి కూడా ఏడాదికే. 50 ఏళ్లు దాటి రిటైరైనవాళ్లు థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపించాలి. మన లెక్కలో 20 లక్షల రూపాయల పైమాటే. లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపించాలి. థాయ్ పౌరులను పెళ్లాడినవాళ్లకు ఈ మొత్తాలు 4 లక్షలు, 40,000. 2019లో మరో మెలిక పెట్టారు. ఆ 8 లక్షలు దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ, అనుమతి వచ్చాక మూడు నెలల వరకూ ఖాతాలో కదలకుండా ఉండాలి. మిగతా కాలంలోనూ 4 లక్షలకు తగ్గకూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాలు తమ పౌరులకు ఆదాయ ధ్రువపత్రాలు ఇవ్వడం మానేశాయి. పింఛను మీదే నెట్టుకొస్తున్న వేలాది మంది వృద్ధులకు అది నిద్రపట్టని టెన్షన్ అయింది. తెచ్చుకున్న ఏడాది అనుమతిని కూడా జాగ్రత్తగా కాపాడుకోవాలి. మళ్లీ లోపలికి వచ్చే పర్మిట్, అంటే రీఎంట్రీ, తీసుకోకుండా దేశం దాటితే అనుమతి అక్కడికక్కడే రద్దవుతుంది. సొంత ఊళ్లో తల్లో తండ్రో పోయారని వార్త వచ్చి, ఉన్నపళంగా విమానమెక్కినవాడికి కూడా ఇదే రూలు. ఒకసారికి 1,000, ఏడాదిలో ఎన్నిసార్లయినా అయితే 3,800 బాత్‌ల రుసుము కట్టి కాగితం చేతిలో పెట్టుకున్నాకే ఎయిర్‌పోర్టు దారి పట్టాలి.

శాశ్వత నివాసం దొరకదా అంటే, దొరుకుతుంది. ఏడాదికి ఒక్కో దేశం వాళ్లకు గరిష్ఠంగా 100 మందికి. రుసుము 1,91,400 బాత్‌లు. ఐస్‌లాండ్‌కూ 100, భారత్‌కూ 100. ఈ సమాన పంపకంలో మనవాళ్లకు అవకాశం ఎంత సన్నగిల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే దాదాపు అందరూ ఏడాదికోసారి పొడిగింపు దగ్గరే ఆగిపోతారు.

ఈ అనుమతి ఎంత సన్నని దారంపై వేలాడుతుందో 2024లో ఫుకెట్‌లో తేలిపోయింది. సముద్రతీరంలోని ఒక విల్లా మెట్ల మీద కూర్చున్న థాయ్ డాక్టరమ్మను, ఆ విల్లాలో ఉంటున్న స్విస్ వ్యక్తి తన్నాడని ఆరోపణ వచ్చింది. వీడియో దేశమంతా పాకింది. వందలాది మంది బీచ్‌కొచ్చి నిరసన తెలిపారు. ఆ మెట్లు ప్రభుత్వ స్థలంలోకి చొచ్చుకొచ్చాయని తేలి వాటిని కొట్టేశారు. ఆయన వీసా రద్దయింది. కొన్ని నెలల తర్వాత కోర్టు ఆయన్ని తన్నిన కేసులో నిర్దోషిగా ప్రకటించింది. నేరం రుజువైందా లేదా అన్నది కోర్టు చూసుకుంటుంది. దేశంలో ఉండాలా వద్దా అన్నది ఇమ్మిగ్రేషన్ శాఖ చూసుకుంటుంది. మొదటిదానికోసం రెండోది ఆగదు. విదేశీయులు చాలామంది ఇది అన్యాయమంటారు. ఆ మాటలో బలం ఉంది. కానీ ఆ నిరసనలో పాల్గొన్న ఫుకెట్ వాసుల కోపం కూడా ఒక్క మనిషి మీద కాదు. తమ బీచ్‌లకు దారులు మూసుకుపోతున్నాయన్న బాధ, భూముల ధరలు తమ చేతికి అందకుండా పోయాయన్న బాధ ఏళ్లుగా పేరుకుపోయి, ఆ వీడియోతో బయటికొచ్చాయి.

భూమి దగ్గరికొస్తే కథ నూట యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తుంది. 1855లో బ్రిటన్‌తో కుదిరిన బౌరింగ్ ఒప్పందం ప్రకారం సియాంలో, అంటే అప్పటి థాయ్‌లాండ్‌లో, ఉన్న బ్రిటిష్ ప్రజలపై అక్కడి కోర్టులకు అధికారం లేదు. కేసేదైనా బ్రిటన్ దౌత్యాధికారి అయిన కాన్సులే విచారించాలి. తర్వాత ఫ్రాన్స్, అమెరికా, ఇంకా చాలా దేశాలు అవే హక్కులు పొందాయి. ఆ రక్షణ తెల్లవాళ్లకే పరిమితం కాలేదు. బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్లిన వర్తకులు, బర్మా నుంచి వచ్చిన టేకు వ్యాపారులు కూడా బ్రిటిష్ ప్రజలుగానే దాన్ని వాడుకున్నారు. సొంత గడ్డ మీద సొంత కోర్టుకు విలువ లేకపోవడం ఆ దేశానికి చాలాకాలం నొప్పి పెట్టింది. 1930ల చివరికి గానీ ఆ ఒప్పందాలు పూర్తిగా రద్దుకాలేదు. వెంటనే వచ్చిన ఫిబూన్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం జాతీయవాదాన్ని ఎత్తుకుంది. 1942లో కొన్ని వృత్తులు థాయ్‌లకే అని నిర్ణయించింది. అప్పటి గురి చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ వర్తకులు. ఈనాటి జర్మన్ రిటైరీ మీద పడుతున్న నియమాలు చాలావరకు అప్పటి కాన్సుల్‌నీ, చైనా వర్తకుణ్ణీ మనసులో పెట్టుకుని రాసినవే. 1954 భూచట్టం, దాన్నిబట్టి విదేశీయుడు భూమి కొనలేకపోవడం, ఆ వరసలోనివే.

ఫ్లాట్ కొనుక్కోవచ్చు. 1979 కాండోమినియం చట్టం ప్రకారం ఒక భవనంలోని మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయుల పేరున ఉండొచ్చు. భూమి అయితే అద్దెకు, అదీ గరిష్ఠంగా 30 ఏళ్లకు. మూడేళ్లు దాటిన కౌలు భూమి ఆఫీసులో రిజిస్టర్ కాకపోతే మూడేళ్ల తర్వాత చెల్లదు. అమ్మేవాళ్లు 30 మీద 30, మళ్లీ 30 అని 90 ఏళ్ల లెక్క చెబుతారు. చట్టం గ్యారంటీ ఇచ్చేది మొదటి 30కే. థాయ్ భార్య పేరున కొనేవాళ్లు మరీ ఎక్కువ. 1999 నుంచి విదేశీయుణ్ణి పెళ్లాడిన థాయ్ పౌరులు భూమి కొనుక్కోవడానికి అనుమతి ఉంది, కానీ ఆ డబ్బు భార్య సొంతమని, అందులో తనకు భాగం లేదని భర్త సంతకం చేయాలి. చాలామంది కాగితం చదవకుండానే ఆ సంతకం పెడతారు. కాపురం చెడినప్పుడు, తాను జీవితమంతా కూడబెట్టి కట్టించిన ఇంటి మీద తనకేమీ లేదని అప్పుడు తెలుస్తుంది. విదేశీయుల ఫిర్యాదుల్లో అన్నిటికన్నా బాధగా వినిపించేది ఇదే. భార్య మోసం చేసిందని చెప్పే ప్రతి కథలోనూ మోసం ఉండదు. చాలాసార్లు ఉండేది భర్త తానే సంతకం చేసిన కాగితం. ముందుచూపు ఉన్నవాళ్లు భూమి ఆఫీసులో జీవితాంతం అనుభవించే హక్కును తమ పేరున రిజిస్టర్ చేయించుకుంటారు. థాయ్ సివిల్ కోడ్ అందుకు వీలిస్తుంది. యాజమాన్యం భార్యదే, కానీ ఇంట్లో ఉండే హక్కు భర్త పేరున ఉంటుంది.

ఇంకో దారి బినామీ కంపెనీ. 51 శాతం వాటా పేరుకు థాయ్‌లది, డబ్బూ పెత్తనమూ విదేశీయుడివి. 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం కింద ఇది నేరం. పేరు అరువిచ్చిన థాయ్ పౌరుడికి కూడా మూడేళ్ల వరకు జైలు, పది లక్షల బాత్‌ల వరకు జరిమానా పడొచ్చు. అయినా లాయర్లు, ఏజెంట్లు ఏళ్లపాటు ఇదే మామూలు పద్ధతిలా అమ్ముతూ వచ్చారు. కాసింత విల్లా కోసం ఇంత రాద్ధాంతమా అని విదేశీయులు అనుకుంటారు. కానీ 2025 మార్చి 28న మయన్మార్ భూకంపానికి బ్యాంకాక్‌లో కట్టుబడిలో ఉన్న ప్రభుత్వ ఆడిట్ కార్యాలయ భవనం కుప్పకూలినప్పుడు ఈ బినామీ వ్యవహారం అసలు రూపం బయటపడింది. ఊరంతటిలో పూర్తిగా కూలిన పెద్ద భవనం అదొక్కటే. దాదాపు 90 మంది కూలీలు శిథిలాల కింద చనిపోయారు. కట్టిన సంస్థల్లో ఒకదానిలో చైనా వాటా సరిగ్గా 49 శాతం. మిగతా వాటాదారులైన థాయ్‌లు ఉత్త పేర్లేనన్న అనుమానంతో దర్యాప్తు శాఖ కేసు పెట్టి అరెస్టులు చేసింది. విల్లా కోసం వాడే కిటుకూ, ప్రభుత్వ టెండర్ కోసం వాడే కిటుకూ ఒకటేనని అప్పుడు థాయ్ ప్రజలు చూశారు. ఆ తర్వాత బినామీల మీద తనిఖీలు పెరిగితే తప్పుపట్టడానికి ఏముంది?

ఆ శిథిలాల్లో చనిపోయినవాళ్లలో మయన్మార్ కూలీలు చాలామంది ఉన్నారు. ఇక్కడే విదేశీయుల చర్చల్లో ఉన్న పెద్ద ఖాళీ కనబడుతుంది. థాయ్‌లాండ్‌లో విదేశీయుల సమస్యలు అనగానే యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రిటైరీలు, ఇంగ్లిష్ టీచర్లు, ఆన్‌లైన్ ఉద్యోగుల గొంతులే వినబడతాయి. ఆ దేశంలో ఉన్న విదేశీయుల్లో అత్యధికులు వాళ్లు కాదు. మయన్మార్, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చి కట్టుబడిలో, చేపల శుద్ధి కేంద్రాల్లో, రబ్బరు తోటల్లో, ఇళ్లలో పనిచేసేవాళ్లు. నమోదైనవాళ్లే 20 లక్షలు దాటతారు. అదే ఇమ్మిగ్రేషన్ చట్టం, అదే 90 రోజుల రిపోర్టు వాళ్లకూ ఉంది. రిటైరీకి అది విసుగు పుట్టించే క్యూ. కూలీకి ఒకరోజు జీతం, ఏజెంటుకు కట్టే డబ్బు, దారిలో పోలీసు ఆపితే ఇవ్వాల్సిన డబ్బు. 2020 డిసెంబరులో సముత్ సాఖోన్ రొయ్యల మార్కెట్‌లో కోవిడ్ బయటపడ్డప్పుడు మయన్మార్ కూలీలు ఉండే భవనాల చుట్టూ ముళ్లకంచె వేసి మూసేశారు. విదేశీయుణ్ణి అతిథిగా చూసే సమాజం అన్న మాట ఆ కంచె దగ్గర ఆగిపోతుంది. డబ్బు తెచ్చేవాడు అతిథి, చాకిరీ చేసేవాడు వలస కూలీ. ఈ తేడా మాట్లాడకుండా థాయ్ చట్టం విదేశీయుల పట్ల న్యాయంగా ఉందా లేదా అని తేల్చడం కుదరదు.

పని విషయంలో నియమాలు ఎవరికైనా కఠినమే. థాయ్‌లకే కేటాయించిన వృత్తుల జాబితాలో ఇప్పుడు 40 ఉన్నాయి. క్షవరం, టూరిస్ట్ గైడ్, థాయ్ మసాజ్, కొయ్య చెక్కడం వాటిలోవి. మామూలు కంపెనీ ఒక విదేశీయుడికి వర్క్ పర్మిట్ కావాలంటే 20 లక్షల బాత్‌ల మూలధనం, నలుగురు థాయ్ ఉద్యోగులు చూపించాలి. ఉచితంగా చేసినా పని పనే అన్న పట్టింపు ఉంది కనుక, స్వచ్ఛందంగా బడిలో పాఠాలు చెప్పేవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. 2024 జులైలో వచ్చిన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) కొంత మార్పు తెచ్చింది. ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపిస్తే ఐదేళ్ల వీసా. వచ్చిన ప్రతిసారీ 180 రోజులు ఉండి, వేరే దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేసుకోవచ్చు. హైదరాబాద్ ఐటీ కుర్రాళ్లలో దీనిపై ఆసక్తి ఉండటం సహజం. మనకు ఇచ్చిన వీసా లేని ప్రవేశం, 2023 నవంబరులో 30 రోజులతో మొదలై 2024 జులైలో 60 రోజులైంది, అది ఉద్యోగం కోసం ఇచ్చింది కాదు. దాని మీద దిగి ఉద్యోగం చేయడం నేరం.

ఈ తేడా తెలియక, లేదా తెలియనివ్వకపోవడం వల్ల, తెలుగు కుటుంబాలు ఎంత నష్టపోయాయో గుర్తుచేయకుండా ముందుకు పోలేం. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం అని ఏజెంట్లు చెబితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి యువకులు టూరిస్టులుగా విమానం ఎక్కారు. ఎయిర్‌పోర్టులో దిగగానే కారెక్కించి సరిహద్దు ఊరు మే సోట్ వరకు తీసుకెళ్లి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ సైబర్ మోసాల కేంద్రాల్లో పడేశారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి రెండు విడతల్లో 549 మంది భారతీయులను వెనక్కి తెచ్చాయి. ఆ ఏడాది చివర్లో మరికొన్ని వందలమందిని తేవాల్సి వచ్చింది. వర్క్ పర్మిట్‌కు దారితీసే నాన్ ఇమ్మిగ్రెంట్ బి వీసా ముందుగా చేతికి రాకుండా థాయ్‌లాండ్‌లో ఉద్యోగానికి వచ్చేయమని ఎవరన్నా అంటే, అది ఉద్యోగం కాదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఊళ్లో తెలిసి ఉంటే కొన్ని ఇళ్లయినా బతికిపోయేవి.

మాట విషయంలో విదేశీయులు చేసే పొరపాట్లు మరో రకం. థాయ్‌లాండ్‌లో పరువు నష్టం క్రిమినల్ నేరం. ప్రచురణ ద్వారా అయితే రెండేళ్ల వరకు జైలు. 2020లో అక్కడే పనిచేస్తున్న ఒక అమెరికన్, కో చాంగ్ దీవిలోని రిసార్టు గురించి ఆన్‌లైన్‌లో ఘాటైన రివ్యూలు రాశాడు. యజమాని ఫిర్యాదు చేస్తే అరెస్టై, రెండు రాత్రులు లాకప్‌లో గడిపి, చివరికి క్షమాపణతో బయటపడ్డాడు. రాసింది నిజమైతే చాలన్నది పాశ్చాత్యుల నమ్మకం. థాయ్ చట్టంలో వ్యక్తిగత విషయాలకు నిజం ఒక్కటే చాలదు, అది ప్రజలకు ఉపయోగపడే మాట అని కూడా చూపగలగాలి. కూలీల హక్కుల కోసం పనిచేసిన ఒక బ్రిటిష్ కార్యకర్త, పైనాపిల్ ఫ్యాక్టరీలో మయన్మార్ కార్మికుల స్థితిపై నివేదికకు సహాయపడినందుకు 2013 నుంచి కేసులు ఎదుర్కొన్నాడు. కింది కోర్టులో శిక్ష పడింది, పై కోర్టు కొట్టేసింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. గెలవడానికి ఏడేళ్లు పట్టింది. ఈ చట్టం తప్పని చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. నష్టపోయేది విదేశీయుడి కన్నా ముందు థాయ్ విలేఖరులు, కార్మికులు.

రాజకుటుంబంపై వ్యాఖ్యల విషయంలో క్రిమినల్ కోడ్‌లోని 112వ సెక్షన్ ఉంది. ఒక్కో ఆరోపణకు మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు. చియాంగ్ మైలో రాజు చిత్రపటాలపై రంగు చల్లిన స్విస్ వ్యక్తికి 2007లో పదేళ్ల శిక్ష పడింది, కొద్ది వారాల్లోనే రాజు క్షమాభిక్షతో దేశం విడిచాడు. 2025 ఏప్రిల్‌లో ఫిట్సనులోక్‌లో పాఠాలు చెప్పే ఒక అమెరికన్ పండితుడిని ఇదే సెక్షన్ కింద అరెస్టు చేశారు. కేసు నిలబడలేదు, కానీ వీసా రద్దయి ఆయన దేశం విడిచి వెళ్లారు. ఎక్కువ శిక్షలు పడేది మాత్రం థాయ్ యువతకే. అక్కడ నివసించే విదేశీయుల్లో ఎక్కువమంది ఈ విషయం మాట్లాడరు. వాళ్ల మౌనాన్ని అంగీకారం అనుకోకూడదు.

ఫిర్యాదుల్లో తరచుగా వచ్చేది రెండు ధరల పద్ధతి. ఖావో యాయ్ జాతీయ పార్కులో థాయ్‌లకు 40 బాత్‌లు, విదేశీయులకు 400. గ్రాండ్ ప్యాలెస్ థాయ్‌లకు ఉచితం, మిగతావాళ్లకు 500. అక్కడ పన్ను కట్టే విదేశీయులు దీన్ని అవమానంగా తీసుకుంటారు. భారతీయులకు ఈ విషయంలో ఎక్కువ కోపం రాకపోవడమే న్యాయం. తాజ్‌మహల్ దగ్గర మనం 50 రూపాయలు కట్టి, విదేశీయుల దగ్గర 1,100 తీసుకుంటాం. అయితే ఒక తేడా ఉంది. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్స్‌టెక్‌లోని దేశాల పౌరులకు మన పురావస్తు శాఖ స్థలాల్లో భారతీయుల ధరే వర్తిస్తుంది. థాయ్‌లాండ్ ఆ కూటమిలో ఉంది. అంటే థాయ్ యాత్రికుడు చార్మినార్‌ను మన ధరకే చూస్తాడు, మనం గ్రాండ్ ప్యాలెస్‌కు పూర్తి విదేశీ ధర కడతాం. టికెట్ల సంగతి చిన్నదే. ఆసుపత్రుల ధరలు చిన్నవి కావు. 2019లో థాయ్ ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో థాయ్‌లకు, పొరుగు దేశాల వాళ్లకు, అక్కడ పనిచేసే విదేశీయులకు, రిటైరీలు, పర్యాటకులకు వేరువేరు రేట్లు పెట్టింది. 70 దాటాక బీమా ప్రీమియం మోయలేనంత అవుతుంది. బీమా లేకుండా పక్షవాతమో, బైక్ ప్రమాదమో జరిగితే బ్యాంకులో చూపించిన 8 లక్షలు కొన్ని వారాల్లో హరించుకుపోతాయి. ఆ డబ్బు పోతే వచ్చే ఏడాది పొడిగింపూ ఉండదు. రోడ్డు ప్రమాదాల మరణాల్లో థాయ్‌లాండ్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది. చనిపోయేవాళ్లలో అత్యధికులు మోటార్‌సైకిల్ మీద వెళ్లేవాళ్లే. బైక్ లైసెన్సు లేకుండా నడిపి ప్రమాదానికి గురైతే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఫుకెట్, కో సముయి వెళ్లి స్కూటర్ అద్దెకు తీసుకునే మన కుర్రాళ్లు ఈ మాట బయల్దేరే ముందే తెలుసుకోవాలి.

వృద్ధుల ఆర్థిక స్థితి ఇంకో వైపు నుంచీ కుంగింది. 2000ల మధ్యలో ఒక పౌండ్‌కు 70 బాత్‌ల దాకా వచ్చేవి. ఇప్పుడు 45కు అటూ ఇటూ. పైగా థాయ్‌లాండ్‌లో ఉండే బ్రిటిష్ రిటైరీలకు ప్రభుత్వ పింఛను ఏటా పెరగదు, వెళ్లిన ఏడాది ఎంత ఉంటే అంతే. 2024 జనవరి నుంచి, ఏడాదిలో 180 రోజులు థాయ్‌లాండ్‌లో ఉన్నవాళ్లు బయటి నుంచి తెచ్చుకున్న ఆదాయం పన్ను లెక్కలోకి వచ్చింది. ఇంతకుముందు, సంపాదించిన ఏడాదిలో కాక తర్వాత తెచ్చుకుంటే పన్ను ఉండేది కాదు. చవకగా బతకొచ్చని వెళ్లినవాళ్ల లెక్కలు ఇలా ఒక్కొక్కటే తారుమారయ్యాయి.

ఇన్ని ఇబ్బందులున్నా జనం ఎందుకు ఉంటారు? అక్కడి సమాజం వల్ల. చట్టం దూరంగా నిలబెట్టినా పక్కింటివాళ్లు అలా నిలబెట్టరు. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఇసాన్ ప్రాంతపు పల్లెల్లో అల్లుడిగా వెళ్లిన విదేశీయుడు ఊరి పండగలో, చావులో, గుడి పనిలో మనిషైపోతాడు. పెళ్లికి వరుడు వధువు తల్లిదండ్రులకు డబ్బు ఇవ్వడం అక్కడి ఆచారం, సిన్‌సోద్ అంటారు. సివిల్ కోడ్ 1437వ సెక్షన్‌లోనే దాని ప్రస్తావన ఉంది. పాశ్చాత్యులు చాలామంది దీన్ని అమ్మాయిని కొనడంగా చూసి మండిపడతారు. ఓలి ఇచ్చి పెళ్లి చేసుకునే ఆచారం తెలిసిన తెలుగువాళ్లకు అది అంత వింతగా తోచదు. ముసలి అమ్మానాన్నలకు ప్రతినెలా డబ్బు పంపడం అక్కడ కూతురి బాధ్యత. భార్య తన జీతంలోంచో, భర్త ఇచ్చిందాంట్లోంచో పుట్టింటికి పంపుతుంటే అనుమానపడి కాపురాలు చెడగొట్టుకున్న విదేశీయులు ఉన్నారు. ఆ డబ్బు లేకపోతే ఆ ముసలివాళ్లకు ఆధారం ప్రభుత్వం నెలకు ఇచ్చే 600 నుంచి 1,000 బాత్‌ల పింఛను మాత్రమే. ఇది తెలిస్తే అనుమానం సగం పోతుంది.

గొంతు పెంచినవాడు ఓడిపోవడం మరో అనుభవం. ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో, బ్యాంకులో, పోలీస్ స్టేషన్‌లో బల్ల గుద్ది మాట్లాడితే పని అక్కడితో ఆగుతుంది. అధికారిని నలుగురిలో తప్పుపట్టడమంటే అతని పరువు తీయడమే. ఒక జిల్లా ఆఫీసు అడిగిన కాగితాన్ని పక్క జిల్లా ఆఫీసు అడగకపోవడం నిజం. దాన్ని వాదించి మార్చినవాళ్లు అరుదు. అడిగిన కాగితం తెచ్చి, నవ్వుతూ చేతులు జోడించినవాళ్ల పని అవుతుంది. దీన్ని లంచగొండితనమని కొట్టిపారేసేవాళ్లున్నారు. లంచం అక్కడ నిజంగానే ఉంది, అది థాయ్‌లనే ఎక్కువ పీడిస్తుంది. కానీ కౌంటర్ దగ్గర మర్యాద కోరడం లంచం కోరడం కాదు.

ఇల్లు కొనాలనుకునే తెలుగువాళ్లకు ఒక్క సంగతి. విదేశీయుడు కాండో తన పేరున రిజిస్టర్ చేయించుకోవాలంటే డబ్బు విదేశీ కరెన్సీలో బయటి నుంచి థాయ్ బ్యాంకుకు వచ్చినట్టు పత్రం చూపించాలి. మన వైపు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. హవాలాలోనో, స్నేహితుడి ఖాతా ద్వారానో బాత్‌లుగా చేరిన డబ్బుతో ఆ పత్రం పుట్టదు. కొన్న తర్వాత కూడా ఆ ఫ్లాట్ వీసా ఇవ్వదు. 2024లో అక్కడి ప్రభుత్వం విదేశీయుల కాండో వాటాను 49 నుంచి 75 శాతానికి, భూమి కౌలును 99 ఏళ్లకు పెంచే ఆలోచన చేస్తే, దేశాన్ని అమ్మేస్తున్నారంటూ థాయ్ ప్రజల నుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఆ చర్చలో విదేశీయుల అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఓటు లేనివాళ్లను అడిగే అవసరమూ ప్రభుత్వానికి లేదు.